స్పీకరునకు దగిన ఆంప్లిఫయరు



గురజాల నుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. కుమారుడు రెండు గొప్ప స్పీకర్లను తెచ్చి నట్టింట నిలిపినాడట. ఇంటనున్న పాత ఆంప్లిఫయరునకు వానిని గలిపినచో, పాట పడిసెము పట్టినవాని గొంతువలె వచ్చుచున్నదట. క్రొత్త ఆంప్లిఫయరు ఎట్టిది కొనవలయునని యామె ప్రశ్న. దీనికి సమాధానమును మేము ధనము పోగొట్టుకొనియే నేర్చుకొంటిమి.

మా అత్తగారు చిలకలూరిపేట యాడుబడుచు. నాదస్వరము వినుచు పెరిగినవారు. ఆ యూరి ఆదంసాహేబుగారికడ శిక్షణ పొంది, పిదప శ్రీరంగమున స్థిరపడిన షేక్ చినమౌలానాగారి (1924–1999) వాద్యమన్న ఆమెకు ప్రాణము. చూపు మందగించిన తరువాత ఆమెకు ప్రొద్దు పుచ్చుటకు అదియే యాధారమైనది. స్పీకర్లకే సొమ్మంతయు చెల్లగా, ఆంప్లిఫయరును మాత్రము చౌకలో కొంటిమి. అట్టపెట్టెపై వెయ్యి వాట్లని పెద్ద యక్షరములతో నుండెను. అవి పి.ఎం.పి.ఓ. వాట్లట, అనగా అంగడివాని యూహలోని వాట్లు. విచారింపవలసినవి ఆర్.ఎం.ఎస్. వాట్లు. ఆ లెక్కన దానికి ఇరువదియైనను లేవు.

ధ్వని చాలలేదని మీటను చివరివరకు త్రిప్పితిమి. డోలు దెబ్బలు ఉద్ధృతమైనకొలది ధ్వని గరగరలాడెను; మరునాటికి స్పీకరులో సన్నని స్వరములను పలికించు ట్వీటరు కాలిపోయెను. పెద్ద ఆంప్లిఫయరే స్పీకరును గాల్చును, చిన్నదానితో భయము లేదని మావారును మేమును నమ్మియుంటిమి. అది తప్పు. చిన్నది తన శక్తికి మించి యరచునపుడు ధ్వనితరంగముల తలలు తెగిపోవును. అందు పుట్టిన వికారమంతయు పైస్వరములలో జేరి, సుకుమారమైన ట్వీటరుపై బడును.

"పోనీలేవే అమ్మాయీ, నాకిప్పుడు వినబుద్ధి పుట్టుటలేదు" అని అత్తగారనిరి. ఆ మాట నొచ్చినంతగా పోయిన ధనము నొచ్చలేదు.

స్పీకరుతో వచ్చిన పుస్తకమున రెండంకెలను వెదకుడు. మొదటిది డెసిబెల్లులలో నుండును. ఒక్క వాటు శక్తినిచ్చి ఒక మీటరు దూరమున గొలిచినచో ఎంత ధ్వని వచ్చునో యది తెలుపును. 90 యున్నచో సుళువైనది. 84 యున్నచో కుంభకర్ణుని బంధువు, మేల్కొలుపుటకే బహుప్రయాస. మూడు డెసిబెల్లులు పెరుగుటకు శక్తి రెట్టింపు కావలయును. పది పెరుగుటకు పదిరెట్లు. మావారు బడిపంతులు గనుక పలకపై వేసి చూపిరి: 84 గల స్పీకరు 94 పలుకుటకు 10 వాట్లు, 104 పలుకుటకు 100 వాట్లు. మెల్లని ఆలాపనకు ఒక్క వాటు చాలునుగాని, డోలు దెబ్బ పడిన లిప్తలో దానికి పదింతలు, ఇరువదింతలు కావలసివచ్చును. పెట్టె చిన్నదని మోసపోరాదు. బి.బి.సి. వారు 1970 దశకమున దమ పనికై రూపొందించిన ఎల్.ఎస్.3/5ఎ అను స్పీకరు అడుగు ఎత్తుమాత్రమే. దాని యంకె మాత్రము 82, 83 ప్రాంతముననే యుండును.

రెండవ యంకె ఓములు. 8 అని వ్రాసియున్నను కొన్ని స్వరములకడ అది మూడింటికి దిగు స్పీకర్లు గలవు. 1827లో జర్మను పండితుడు ఓం ప్రకటించిన సూత్రము ననుసరించి, ఓములు సగమైనచో ప్రవాహము రెట్టింపగును. ఆ ప్రవాహము నీయలేని ఆంప్లిఫయరు వేడెక్కును, లేదా తనంత తానే యాగిపోవును. కావున అంగటిలో ఇట్లడుగుడు: 8 ఓములకు ఎన్ని వాట్లు, 4 ఓములకు ఎన్ని? 50 వాట్లు 90 అగునేని దానికి సత్తువ గలదు. 50 వాట్లు 55 మాత్రమే యగునేని దానిని అచ్చటనే యుంచి రండు. ఇంకొక మర్మము. కొన్ని పుస్తకములలో "ఒక వాటు"నకు బదులు "2.83 వోల్టులు" అని యుండును. 8 ఓముల స్పీకరునకు అది ఒక వాటే. 4 ఓముల దానికి రెండు వాట్లు. అట్టి సందర్భమున డెసిబెల్లుల నుండి మూడు తీసివేసి చూచుకొనవలయును.

ఇక వాట్లపై మోజు. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభపై మ్రోగు మైకుసెట్టు మైదానమునకు దగును, నట్టింటికేల? మనము ఎత్తగలిగి, దులుపగలిగి, మీట త్రిప్పగలిగినది కావలయును. క్లాసు ఎ అనునది పాట లేనప్పుడును కరెంటు త్రాగి కాగుచుండును. రెంటచింతల యెండలలో దానిని బెట్టుకొనుట రెండవ పొయ్యి రాజేయుటయే. క్లాసు డి తేలిక, చల్లన. నడుమనున్న క్లాసు ఎబి బరువైనను నిబ్బరమైనది. మేము దానినే, 8 ఓములకు 60, 4 ఓములకు 100 వాట్లు గలదానిని గొంటిమి. దానిని బీరువాలో బంధింపక, పైన అల్లికగుడ్డ కప్పక, గాలి యాడనిచ్చితిమి. తీగలను గలుపునపుడు కరెంటు తీసివేసి, ఎరుపున కెరుపు, నలుపునకు నలుపు చేర్చి, ఒక్క పోగైనను ప్రక్కదానిని దాకకుండ జూడవలయును.

మా యింట మాచర్ల నాపరాళ్ల నేల, మాటయే మారుమ్రోగును. అధిక వాట్లకు వెచ్చింపక మున్ను స్పీకర్ల యెదుట పాత బొంత యొకటి పరచితిమి. పాట తేటపడెను.

మీట యంచున బియ్యపుగింజంత లక్క చుక్క యంటించితిమి. అత్తగారు తడిమి చూచుకొని, అది పైకి వచ్చువరకు దామే త్రిప్పుకొనుచున్నారు. మొన్న సాయంకాలము మేము వంటింట నుండగా నట్టింటినుండి పిలిచిరి: "ఏమే, ఆ డోలువాడు మన గుమ్మములోనే కూర్చున్నాడు! కాసిని మంచినీళ్లిచ్చి రా!"

గురజాల సోదరీ! మీ స్పీకర్ల యంకెలు రెండును వ్రాసి పంపుడు. అందాక మీట సగము దాటనీయకుడు.