నీకేం తక్కువ పిన్నీ?

మా వీధిలో ఒక పిన్ని ఉంది. అరవై దాటాయి. బాబాయి పోయి రెండేళ్లు. కొడుకు అమెరికాలో, కూతురు బెంగళూరులో. ఆమధ్య ఒకే వారంలో మూడుసార్లు కరివేపాకు కోసం మా ఇంటికొచ్చింది. మూడోసారి నాకు విసుగొచ్చింది. "నీకేం తక్కువ పిన్నీ? సాయంత్రాలు అలా సింగరకొండ వెళ్లిరా, మనసు కుదుటపడుతుంది" అని రెండు రెబ్బలు చేతిలో పెట్టి పంపేశాను.

మర్నాడు గిన్నె ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్తే, పెరట్లో కరివేపాకు చెట్టు నాకంటే ఎత్తుంది.

ఆరోజు నుంచి "గుడికెళ్లు" అనే సలహా మీద నాకు కోపం. ఆంజనేయస్వామి మీద కాదు, మంగళవారం నేనూ వెళ్తాను. మన గుమ్మంలోకి వచ్చిన మనిషిని మర్యాదగా బయటకు పంపడానికి స్వామిని వాడుకుంటున్నాం, అదీ నా కోపం. ఇంకొందరు ఫోనులో ప్రవచనాలు పంపుతారు, నీలోకి నువ్వు చూసుకో, జీవితానికి అర్థం వెతుక్కో అని. ఆవిడ రెండేళ్లుగా తనను తానే కదా చూసుకుంటోంది! పిల్లల వీడియో కాల్స్ సంగతి చెప్పక్కర్లేదు. "తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అంటే హాజరు తీసుకున్నట్టే. పాపం, వాళ్లకూ అంతకంటే ఏం అడగాలో తెలియదు.

ఇది తిన్నదరగని రోగమనే వాళ్లకు ఒక మాట. లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. ఆరుగురికీ భక్తి తక్కువయ్యిందా?

మనకు తక్కువైంది కలిసి చేసే పని. మన అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం 848 నాటిది. అందులో పద్యం తరువోజ. ఆ నడక ఆడవాళ్ల దంపుళ్ల పాటల్లోంచి వచ్చిందని పండితులు అంటారు. రోకళ్లు మళ్లీ రావాలని నేననను, అరచేతులు బొబ్బలెక్కిన వాళ్లనడగండి. మిల్లు రావడం మంచిదే. కానీ దంపుడుతోపాటు పక్కన రోకలి పట్టిన మనిషీ పోయింది. కారం పట్టించే ముందు నలుగురం కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేవాళ్లం. ఇప్పుడు ప్యాకెట్టు. అప్పుడు మాట్లాడుకున్నదాంట్లో సగం చాడీలే, ఒప్పుకుంటాను. అయినా ఎవరూ ఎవరింటికీ కరివేపాకు సాకుతో వెళ్లాల్సిన అవసరం రాలేదు.

"ఎవరికి తీరిక?" అంటారా? సీరియల్‌కు ఉన్నంత తీరిక చాలు.

మొన్న ఐదు కిలోల చింతపండు కొని, గింజలు తీయకుండానే పిన్ని ఇంటికి పట్టుకెళ్లాను.

"ఇదేంటే ఇంత నల్లగా ఉంది, ఎవడు అంటగట్టాడు నీకు?" అంటూ పీట లాక్కుంది. దీపాలవేళ దాకా ధర మీదే పోట్లాడుకున్నాం. ఇంకా రెండు కిలోలు మిగిలింది, రేపు మళ్లీ వెళ్లాలి.