గట్టు మీది తాటిచెట్టు అమ్ముకోకండి

హైదరాబాద్‌లో ఇప్పుడు క్రాఫ్ట్ బీరు మోజు నడుస్తోంది. ఫ్యాక్టరీ సరుకు కాదు, అక్కడికక్కడే కాచింది, తాజాది అని గొప్పగా చెప్పుకుంటున్నారు. ఒక్క గ్లాసు ఖరీదుతో మిరపకోతకొచ్చిన మనిషికి రోజు కూలి ఇవ్వొచ్చు. ఈ మాట విని మేము నవ్వుకున్నాం. తాజాది, ఊరిది అయిన సరుకు మన గట్ల మీదే ఉండేది కదా!

తాటికల్లు కూడా బీరు లాంటిదే, మత్తు సుమారుగా 4, 5 శాతం. కుండకు లోపల సున్నం పూస్తే తీయటి నీరా వస్తుంది, పూయకపోతే గాలిలోని ఈస్టుతో తనంతట తానే పులుస్తుంది. పొద్దున దించింది సాయంత్రానికే పుల్లబడుతుంది. అందుకే అది దూరం పోలేదు, చెట్టు దగ్గరే తాగాలి. చెట్టుకూ తాగేవాడికీ మధ్య దూరం పెరిగినచోటే క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపి జనాన్ని చంపుతున్నారు. ఆ తప్పు చెట్టుది కాదు.

బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో తాళ్ళు ఇంకా కనబడతాయి. మన నల్లరేగడి చేలల్లోనే అరుదైపోయాయి. నీడ పడి పత్తి ఎదగదని, ట్రాక్టరు తిరగదని ఇటుకబట్టీకి అమ్మేశాం. ఇది మన తప్పే, ఇంకెవరి మీదా వేయలేం. చెట్టు గీతకు రావడానికి పన్నెండు పదిహేనేళ్ళు పైనే పడుతుంది. రంపానికి అరగంట చాలు. ఇక గీసేవాళ్ళా? మోకు కట్టి రోజుకు రెండుసార్లు ఎక్కిన తండ్రి, కొడుకును ఎక్కొద్దంటున్నాడు. పడితే నడుం పోతుందని అతనికి తెలుసు.

ఇది చదివి మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొహం చిట్లిస్తారు. చిట్లించే హక్కు వాళ్ళకుంది. 1992లో పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు, మరుసటేడు సర్కారు సారాను నిషేధించక తప్పలేదు. తాగమని మేము చెప్పడం లేదు. మిర్చికి ధర లేని ఏడాది కూడా ఊళ్ళో బెల్టుషాపు గల్లా నిండుతూనే ఉంది, ఆ డబ్బు ఊరు దాటి పోతోంది. కల్లు డబ్బయితే గీతకార్మికుడి ఇంటికే చేరుతుంది. మత్తు వద్దనుకుంటే నీరా ఉంది, తాటిబెల్లం ఉంది, ముంజలున్నాయి.

2025లో మన రాష్ట్ర ప్రభుత్వం మద్యం షాపుల్లో 10 శాతం గీత కులాలకు కేటాయించింది. చెట్టెక్కేవాడి చేతికి బ్రాందీ సీసా ఇచ్చి, చెట్టును మాత్రం వదిలేసింది! తెలంగాణలో 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేంద్రం తెరిచారు. చిలకలూరిపేటలోనో పర్చూరులోనో ఒక్కటి పెట్టలేరా? ఎక్కడానికి భద్రతా పరికరం, పడితే నిజంగా అందే బీమా, కల్తీ పరీక్షకు మండలానికో మనిషి, గట్టు మీద చెట్టు ఉంచిన రైతుకు ఎంతో కొంత ప్రోత్సాహం. మేము అడుగుతున్నది ఇంతే.

వచ్చే మండల సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. బట్టీ వాడి దగ్గర బయానా తీసుకోబోయేవాళ్ళు అప్పటిదాకా ఆగండి.