పరిహారంపై తొలి హక్కు గాయపడినవారిదే

గన్నవరం మీదుగా సాగే పదహారవ నంబరు జాతీయ రహదారిపై మన వాళ్ల బతుకులు ఎన్నో ఆధారపడి ఉన్నాయి. రామవరప్పాడు రింగు నుంచి హనుమాన్ జంక్షన్ దాకా ఆటో నడిపేవారు, లారీ క్లీనర్లు, తెల్లవారకముందే విజయవాడ ఆటోనగర్‌కు మోటారు సైకిలుపై బయలుదేరే మెకానిక్కులు, బుట్టలతో పండ్లు తెచ్చి అమ్ముకునే స్త్రీలు, వీరందరికీ ఆ రోడ్డే జీవనాధారం. ప్రమాదం జరిగిన రోజున ఆ కుటుంబాల నోటిదగ్గర కూడును లాగేసేదీ ఆ రోడ్డే.

ప్రమాదం తరువాత జరిగే తంతు మనకు కొత్తది కాదు. గాయపడిన మనిషిని దగ్గరున్న ఆసుపత్రికి చేరుస్తారు. అడ్వాన్సు కట్టమంటారు. ఇంటి ఆడవారి గాజులు తాకట్టుకు వెళ్తాయి. చాలకపోతే వారం వడ్డీకి ఫైనాన్సు వ్యాపారి దగ్గర ప్రామిసరీ నోటు రాస్తారు. పదిరోజులు గడిచాక బిల్లు మిగిలిపోతే, మొత్తం కట్టిన తరువాతే కాగితాలు ఇస్తామంటారు. అదే సమయానికి ఎవరో ఒక మధ్యవర్తి వరండాలో ప్రత్యక్షమవుతాడు. "సంతకం పెట్టండి బాబాయ్, ఆసుపత్రి సంగతి, కోర్టు సంగతి మేం చూసుకుంటాం" అంటాడు. ఆ సంతకంతో రాబోయే పరిహారంలో ఎంత భాగం చేయి జారిపోయిందో ఆ కుటుంబానికి రెండు మూడేళ్లకు గానీ తెలియదు.

పరిహారం అనేది ఎవరి సొత్తు? ఈ ప్రశ్నను మన సమాజం ఇంతవరకు సూటిగా అడగలేదు. అడగవలసిన సమయం వచ్చిందని మేము భావిస్తున్నాము.

అమెరికా వంటి దేశాలలో గాయపడిన వ్యక్తికి వచ్చే సొమ్ముపై ఆసుపత్రులకు, ఆరోగ్య బీమా సంస్థలకు ముందు హక్కు ఉంటుంది. దానినే అక్కడ లీన్ అంటారు. అక్కడ స్థిరపడిన మన బంధువులకు ఇది అనుభవమే. ప్రతివాది చెల్లించే సొమ్ములోంచి ముందుగా ఆసుపత్రి వాటా, వైద్యఖర్చు భరించిన బీమా సంస్థ వాటా తేల్చి, మిగిలినదే బాధితునికి ఇస్తారు. మన దేశంలో మోటారు ప్రమాద పరిహారంపై ప్రైవేటు ఆసుపత్రికి అలాంటి ముందు హక్కును ఏ చట్టమూ ఇవ్వలేదు. భారత కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ బాకీ తీరేదాకా ఇతరుల వస్తువులను అట్టిపెట్టుకునే సాధారణ హక్కును బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు, రేవు గిడ్డంగుల వారు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లు అనే అయిదు వర్గాలకే ఇచ్చింది. ఆ జాబితాలో ఆసుపత్రి లేదు. బిల్లు బాకీ ఉంటే అది అప్పు. అప్పును వసూలు చేసుకోవడానికి సివిల్ కోర్టు ఉంది. మనిషిని గానీ, మృతదేహాన్ని గానీ, కాగితాలను గానీ తాకట్టుగా పెట్టుకోవడం ఆ అప్పు వసూలుకు మార్గం కాదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ఈ మాటనే చెబుతోంది. బిల్లు వివాదం పేరుతో రోగి డిశ్చార్జిని, మృతదేహం అప్పగింతను ఆపరాదు. అడిగిన 72 గంటలలోపు వైద్య రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి. జనాజాను ఆలస్యం చేయకూడదని నమ్మే మన కుటుంబాలకు ఈ హక్కు తెలియకపోవడం ఎంత బాధాకరమో వేరుగా చెప్పనక్కరలేదు. మయ్యిత్‌ను త్వరగా తెచ్చుకోవాలన్న ఆతురతలోనే మన వారు ఖాళీ కాగితాలపై సంతకాలు చేస్తున్నారు.

న్యాయవాదుల విషయంలోనూ ఇదే జరుగుతోంది. ఫీజు బాకీ ఉందని కక్షిదారు ఫైలును న్యాయవాది అట్టిపెట్టుకోరాదని 2000 సంవత్సరంలో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వచ్చిన పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. అయినా శాతాల ఒప్పందాలు యథేచ్ఛగా సాగుతున్నాయి. వాటిని ప్రశ్నించే నోరు మనకు లేదు.

ఇక బీమా సంగతి. సొంతంగా ఆరోగ్య బీమా తీసుకున్నవారు ఇప్పుడు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఆసుపత్రి ఖర్చు ఆ పాలసీ కింద వచ్చింది గనుక, ఢీకొట్టిన వాహనపు బీమా కంపెనీ ఆ మేరకు పరిహారం తగ్గించాలని ట్రిబ్యునల్ ముందు వాదిస్తుంది. ఒకే ఖర్చుకు రెండుసార్లు డబ్బా అన్నది వారి ప్రశ్న. న్యాయస్థానాల మధ్య కూడా దీనిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. 2025 మార్చిలో బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం, మెడిక్లెయిమ్ కింద అందిన సొమ్మును మోటారు ప్రమాద పరిహారం నుంచి తగ్గించరాదని తేల్చింది. జీవిత బీమా సొమ్మును పరిహారం నుంచి మినహాయించరాదని హెలెన్ రెబెల్లో కేసులో 1998లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బొంబాయి తీర్పు మన రాష్ట్రంలోని ట్రిబ్యునళ్లను కట్టివేయదు. కానీ దానిని చూపి వాదించే వీలు ప్రతి బాధితునికీ ఉంది.

మన మస్జిదులలో ఈ ప్రశ్న మరోవిధంగా వస్తుంది. ఒకే చికిత్సకు రెండు చోట్ల తీసుకోవడం హలాలేనా అని నిజాయితీపరులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. మా అభిప్రాయం ఇది. పాలసీ సొమ్ము ఆ మనిషి ఏటేటా తన చెమటతో కట్టిన ప్రీమియానికి ప్రతిఫలం. పరిహారం ఇతరుని తప్పుకు బదులు. ఒకని ముందుచూపు వలన తప్పుచేసినవాని బాధ్యత తగ్గడం న్యాయం కాదు. ఇంతకుమించి మతపరమైన తీర్పును ఉలమాలకే వదులుతున్నాము.

అయితే ఎదుటివారి వాదనలో నిజమున్న చోట ఒప్పుకోవాలి. చట్టమే తగ్గింపును ఆదేశించిన సందర్భాలున్నాయి. గుర్తు తెలియని వాహనం ఢీకొట్టి పారిపోతే మృతుని కుటుంబానికి 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు ఇస్తారు. తరువాత ఆ వాహనం దొరికి పరిహారం వస్తే, ముందు ఇచ్చినదాన్ని అందులోంచి తిరిగి చెల్లించాలని మోటారు వాహనాల చట్టం 163వ సెక్షన్ చెబుతోంది. తప్పెవరిదన్న విచారణ లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇచ్చే 164వ సెక్షన్‌లోనూ మరో చట్టం కింద పొందిన పరిహారాన్ని తగ్గిస్తారు. డ్యూటీలో గాయపడిన లారీ డ్రైవరు, క్లీనరు ఉద్యోగుల పరిహారానికి సంబంధించిన చట్టాన్ని గానీ, మోటారు వాహనాల చట్టాన్ని గానీ ఎంచుకోవాలి. రెండింటి కిందా పొందలేరు. ఏది లాభమో తెలుసుకోకుండా యజమాని తెచ్చిన కాగితంపై సంతకం చేస్తే, పెద్ద పరిహారం దక్కే దారి మూసుకుపోవచ్చు.

ప్రభుత్వం భరించిన చికిత్సదీ ఇలాంటి సంగతే. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద శస్త్రచికిత్స ఉచితంగా జరిగితే, ఆ ఖర్చు మన జేబులోంచి పోయినట్లు బిల్లు పెట్టడం అబద్ధం. దొంగ బిల్లులు తయారుచేసి ఇచ్చే మధ్యవర్తులున్నారు. అలాంటి ఒక్క బిల్లు బయటపడితే, అదే కుటుంబపు పది నిజమైన బిల్లులు కూడా ట్రిబ్యునల్ ముందు అనుమానాస్పదమవుతాయి. అమానత్‌ను గురించి ఉపన్యాసాలు వినే మనం ఇక్కడ జాగ్రత్త పడాలి. ఆపరేషను ఉచితంగా జరిగినంత మాత్రాన పరిహారం పోదు. గాయపడినవారికి లెక్కకట్టవలసిన పద్దులను రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో వివరించింది. మందులు, రాకపోకలు, పుష్టికరమైన ఆహారం, మంచాన ఉన్నంతకాలం పోయిన సంపాదన, శాశ్వత వైకల్యం వలన మున్ముందు తగ్గే సంపాదన, రాబోయే చికిత్స, అనుభవించిన నొప్పి, పోగొట్టుకున్న జీవన సౌఖ్యం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మన వారు బిల్లు ఒక్కటే పట్టుకుని మిగతా పద్దులను వదిలేస్తున్నారు.

చిన్న ఆసుపత్రుల వాదన కూడా వినాలి. బాధితుడు డబ్బు కట్టలేకపోతే ఆ నష్టం మేమెందుకు భరించాలని వారు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మంచం మీదున్న మనిషి కాదు, ప్రభుత్వం. రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా, గుర్తించిన ఆసుపత్రులలో చికిత్స చేయాలి. ఆ బిల్లును ఆసుపత్రి ప్రభుత్వ నిధి నుంచే పొందాలి. ఈ పథకం కూడా తేలికగా రాలేదు. చట్టంలో మాట ఉన్నా అమలు చేయలేదని సుప్రీంకోర్టు గట్టిగా ఆదేశించాక వచ్చింది. గన్నవరం నుంచి నూజివీడు వరకు ఏయే ఆసుపత్రులు ఈ పథకంలో ఉన్నాయో ప్రతి పోలీస్ స్టేషన్ ముందు, ప్రతి టోల్ ప్లాజా వద్ద తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలని మేము డిమాండ్ చేస్తున్నాము. ఆసుపత్రులకు చెల్లింపులు ఆలస్యమైతే ఆ భారం మళ్లీ పేదవాని మీదే పడుతుంది. కనుక చెల్లింపుల జాప్యాన్ని కూడా ప్రజాసమస్యగానే చూడాలి.

అప్పును తేలికగా తీసుకోమని మేము అనడం లేదు. అప్పు తీర్చకుండా మరణించడాన్ని ఇస్లాం ఎంత తీవ్రంగా చూస్తుందో పాఠకులకు తెలుసు. వారసుల వాటాలకంటే ముందు అప్పు తీర్చాలన్నది మన ధర్మం. కానీ తీర్చవలసిన అప్పు నిజమైనదై ఉండాలి. ఏ మందు ఎంత, ఏ పరీక్ష ఎంత, గది అద్దె ఎన్ని రోజులు అని వివరమున్న బిల్లు అడగడం అప్పు ఎగవేయడం కాదు.

తప్పంతా బయటివారిదే అనడం కూడా న్యాయం కాదు. ప్రమాదం జరిగితే మన మహల్లా కదులుతుంది. జుమా తరువాత తువ్వాలు పరచి చందా పోగుచేస్తుంది. ఆ సొమ్ము నేరుగా బిల్లు కౌంటరుకు వెళ్తుంది. రసీదు ఎక్కడో పోతుంది. ఎఫ్‌ఐఆర్ నకలు ఎవరూ తీసుకోరు. ఆధార్‌లో షేక్ అని, ఆసుపత్రి రికార్డులో ఎస్‌కే అని, రేషన్ కార్డులో షైక్ అని ఉంటుంది. తల్లి పేరు చివర ఒకచోట బీ, మరోచోట బేగం. ఈ తేడాలన్నీ బీమా కంపెనీ న్యాయవాది చేతిలో ఆయుధాలవుతాయి. ఆసుపత్రిలో చేర్చిన మొదటి గంటలోనే ఆధార్‌లో ఉన్నట్లే పేరు రాయించాలని ఎవరైనా చెబితే ఆ చిక్కు రాదు. చెప్పేవారు లేరు.

అందుకే ప్రతి మస్జిద్ కమిటీ ఒక చదువుకున్న యువకునికి, ఒక యువతికి ఈ బాధ్యత అప్పగించాలని కోరుతున్నాము. ఎఫ్‌ఐఆర్, మెడికో లీగల్ కేసు నమోదు, డిశ్చార్జి సమ్మరీ, ప్రతి రసీదు, ఎక్స్‌రేలు, తరువాత సదరం ధ్రువపత్రం ఒక్క ఫైలులో చేర్చి ఇంటివారి చేతికే ఇవ్వాలి. ఖాళీ కాగితంపై సంతకం చేయవద్దని ఆసుపత్రి వరండాలోనే చెప్పాలి. పరిహారం దరఖాస్తును ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు వేయాలని 2019 సవరణ చెబుతోంది. ఇద్దత్‌లో ఉన్న విధవరాలికి ఆ గడువు తెలియదు, తెలిసినవారే గుర్తుచేయాలి. మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఆ గడప తొక్కడానికి మధ్యవర్తి అవసరం లేదు. లోక్ అదాలత్‌లో రాజీపడితే అదే అంతిమం, అప్పీలు ఉండదు. కనుక అక్కడ సంతకం చేసేముందు రెండుసార్లు లెక్క చూసుకోవాలి. బైతుల్ మాల్ నుంచి ఖర్జె హసనాగా కొంత సొమ్ము ఇవ్వగలిగితే, వారం వడ్డీ వ్యాపారికి పరిహారం ముందే రాసి ఇవ్వవలసిన గతి తప్పుతుంది.

నిరక్షరాస్యుల, మైనర్ల పరిహారాన్ని బ్యాంకులో డిపాజిట్ చేయించి, దానిపై అప్పు ఇవ్వరాదన్న షరతు పెట్టమని సుప్రీంకోర్టు సూసమ్మ థామస్ కేసులో మార్గదర్శకం ఇచ్చింది. ఆ సొమ్ము చుట్టూ ఎన్ని చేతులు చాస్తారో న్యాయమూర్తులకు తెలుసు. పొరుగున ఉన్న మనకు అది తెలియకపోవడానికి సాకు లేదు. విరిగిన కాలితో గడప దగ్గర కూర్చున్న ఆటో డ్రైవరుకు మన చందా ఒక నెల తిండి పెడుతుంది. అతని ఫైలును కాపాడితే అతని పిల్లల చదువు నిలబడుతుంది.