నేల మీద గుర్తులు – 7: కలెక్టరేట్ ముందు ఏం పెట్టాలి?



2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. మ్యాప్ చూసి అందరూ సూర్యలంక బీచ్ గురించి మాట్లాడారు. నాకు ముందు కనపడింది వేరే. ప్రకాశంలో ఉన్న కారంచేడు, గుంటూరులో ఉన్న చుండూరు ఒకే కలెక్టర్ కిందకి వచ్చాయి. 1985 జులై 17న ఆరుగురు మాదిగలు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు.

ఆ కలెక్టరేట్ ఆవరణలో ఏం ఉండాలి? మన ఆఫీసుల ముందు ఏముంటాయో తెలిసిందేగా. లాన్, క్రోటన్ మొక్కలు, నీళ్లు రాని ఫౌంటెన్, మంత్రి పేరుతో శిలాఫలకం. సోమవారం అర్జీ పట్టుకొచ్చిన మిరప కూలీ మాత్రం గోడ నీడ వెతుక్కోవాలి.

విగ్రహం చాలదా అంటారు. 2024 జనవరి 19న విజయవాడలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్ నిలబడ్డాడు. నాకూ గర్వమే. ఆయన్ని తలెత్తి చూడాలి. చంపబడ్డవాళ్ల పేర్లు చదవాలంటే మాత్రం వంగాలి, వేలితో తడమాలి. అమెరికాలోని మాంట్‌గోమరీలో 2018లో ఒక స్మారకం తెరిచారు. గుంపులు నల్లవాళ్లని చంపిన ఒక్కో కౌంటీకి ఒక్కో ఉక్కు దిమ్మె, మొత్తం 800కి పైనే. ప్రతిదానికీ జంట దిమ్మె బయట పడుకోబెట్టి ఉంది. మీ దగ్గర జరిగింది, తీసుకెళ్లి మీ దగ్గరే పెట్టుకోండి అని.

నేనైతే కుంట తవ్వమంటాను. కారంచేడు గొడవ మంచినీళ్ల చెరువు దగ్గరే కదా మొదలైంది. గేదెల మురికి ఆ నీళ్లలో కలుస్తుంటే అడిగినందుకు. కొట్టబోతే సువార్త బిందె ఎత్తింది. అందుకే మెట్ల కుంట, పక్కన తాగేనీళ్ల కుళాయిలు, చుట్టూ వేప, కానుగ. అర్జీదారులు కూర్చునే మెట్ల మీదే పేర్లు కాదు సుమా, చేతికందే గోడ మీద. రాయి చీమకుర్తిది. దేశదేశాల ఇళ్లకి పోయే రాయి మన పేర్లకి దొరకదా? అలాంటిదే చిన్నది కారంచేడు మండలాఫీసు ముందు కూడా. అక్కడ నల్లరేగడి, వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. పునాది లోతుగా వెయ్యకపోతే రాయి పగులుతుంది.

పాత గాయాలు ఎందుకు రేపడం అనేవాళ్లకి ఒక మాట. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇందులో ఏది పాత? రెండు తీర్పులూ తేదీలతో చెక్కాలి. పక్కన వ్యాఖ్య అక్కర్లేదు.

అసలు చుండూరు జనం ఈ పని ఎప్పుడో చేశారు. శవాల్ని శ్మశానానికి పంపకుండా ఊళ్లోనే పాతిపెట్టి రక్తక్షేత్రం అన్నారు. టెండర్ లేదు, కన్సల్టెంట్ లేడు. అంత గట్టి డిజైన్ నేను ఇంకెక్కడా చూడలేదు.

కాబట్టి నమూనా ఇంజినీర్ల టేబుల్ మీదకి వెళ్లేముందు అక్కడి కుటుంబాల ముందుకి, చీరాలలో స్థిరపడ్డ కారంచేడు కుటుంబాల ముందుకి వెళ్లాలి. వాళ్లు వద్దన్న పేరు చెక్కకూడదు. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, గీసి పంపండి. వచ్చే భాగంలో కుంట కొలతలు, ఖర్చు మాట్లాడుకుందాం.