గింబల్ లేదట!

మొన్న శ్రీనగర్ కాలనీలో ఒక ఎడిటింగ్ గదిలో పని తెమలక అందరం ఖాళీగా కూర్చుంటే 'బర్మా వీజే' డాక్యుమెంటరీ పెట్టాను. పది నిమిషాలైనా కాలేదు, ఒకాయన ఫోను తీశాడు. ఇంకొకాయన ఆవులిస్తూ, "షేక్ ఎక్కువుంది గురూ, గింబల్ వాడలేదా వీళ్ళు?" అన్నాడు. అందరూ నవ్వారు.

గింబలా? కెమెరా వణక్కుండా పట్టే పరికరమా? చంకలోని సంచిలో హ్యాండీక్యామ్ దాచి, పక్కన నిలబడ్డవాడు మఫ్టీ పోలీసేమోనని బిక్కుబిక్కుమంటూ తీసిన షాట్లయ్యా అవి! చెయ్యి వణకదూ?

2007 ఆగస్టులో బర్మా సైనిక ప్రభుత్వం ఒక్కసారిగా డీజిల్ ధర రెట్టింపు చేసింది, బస్సులకు పోసే గ్యాస్ ధర అయిదు రెట్లు చేసింది. కూలికి పోయేవాడి కూలి బస్సు చార్జీకే చాలని రోజులు. సెప్టెంబరులో బౌద్ధ భిక్షువులు మిలటరీవాళ్ళ భిక్ష మాకొద్దని పాత్రలు బోర్లించి వీధుల్లోకొచ్చారు. 'డెమొక్రాటిక్ వాయిస్ ఆఫ్ బర్మా' విలేకరులు అదంతా దొంగచాటుగా తీసి ఓస్లోకు పంపారు. అక్కణ్ణుంచి శాటిలైట్ మీదుగా అదే బొమ్మ తిరిగి బర్మా ఇళ్ళలో పడింది. ఆ ఫుటేజీతోనే డెన్మార్క్ దర్శకుడు ఆండర్స్ ఓస్టర్‌గార్డ్ 2008లో ఈ సినిమా కట్టాడు. కొన్ని సన్నివేశాలు తర్వాత మళ్ళీ తీసినవే. ఆ సంగతి సినిమా మొదట్లోనే చెప్పేస్తుంది. మనం చెబుతామా?

"అయినా ఎక్కడి బర్మా, మనకెందుకులెండి" అన్నాడు ఫోనులోంచి తల ఎత్తకుండానే ఆయన.

ఒళ్ళు మండింది. ఉత్తరాంధ్రలో ఏ ముసలమ్మనైనా అడగండి. రంగూన్ అనదు, 'రంగం' అంటుంది. మనవాళ్ళు ఓడలెక్కి పోయి అక్కడి రేవులో మూటలు మోశారు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె కడితే అది అల్లర్లకు దారితీసి మనవాళ్ళ నెత్తురు పారింది. 1942లో జపాన్ బాంబులకు అడవులూ కొండలూ పడి నడిచొచ్చారు. 1962లో నె విన్ సైన్యంతో గద్దెనెక్కి, ఆ తర్వాత దుకాణాలన్నీ జాతీయం చేశాక, కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్ళెందరో. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఊరికే రాలేదు. ఆ నె విన్ నాటిన తుపాకీ రాజ్యమే 2007లోనూ పేలింది.

మనకు మాత్రం రంగూన్ అంటే 'రంగూన్ రౌడీ'. రంగం అంటే 2011లో తమిళం నుంచి డబ్ చేసిన సినిమా. అందులో హీరో ప్రెస్ ఫోటోగ్రాఫర్! ఆయన కెమెరా ఎత్తితే ఈల వేశాం. నిజంగా కెమెరా ఎత్తినవాణ్ణి చూడమంటే ఆవులింత.

2021 ఫిబ్రవరిలో బర్మాలో మిలటరీ మళ్ళీ గద్దెనెక్కింది. ఆ మార్చిలోనే 'డెమొక్రాటిక్ వాయిస్ ఆఫ్ బర్మా' లైసెన్సు పీకేసింది. ఈ కాలనీలో ఒక్క టీ కొట్టు దగ్గరైనా ఆ మాట వినబడిందా?

ఇంతలో తెర మీద జపాన్ విలేకరి కెంజి నగాయ్‌ని రంగూన్ నడివీధిలో సైనికుడు కాల్చే షాట్ వచ్చింది. 2007 సెప్టెంబరు 27. కిందపడ్డాక కూడా చేతిలో కెమెరా వదల్లేదు. సరిగ్గా అప్పుడే ఎడిటర్ కుర్రాడు నెమ్మదిగా, "సార్, ఇది ఆపేస్తే మనది రెండర్ పెట్టుకుంటాను" అన్నాడు.

ఆపేశాను. పెట్టింది మా హీరోగారి ఇంట్రడక్షన్. నలభైమంది తుపాకులు పేలుస్తుంటారు, ఒక్క గుండూ తగలదు. ఫోన్లు పక్కన పెట్టి అందరూ కళ్ళప్పగించి చూశారు.