కొలువుతో పాటు గూడు

విక్టోరియా రాణి కాలంలో స్కాట్లండు ఈశాన్యసీమ పాలేరు సంవత్సరానికి రెండు మార్లు సంతలో నిలబడేవాడు. పశువుల సంత కాదు, మనుష్యుల సంత. మే మాసంలో ఒకటి, నవంబరులో ఒకటి. రైతు వచ్చి, అతని భుజబలాన్ని కంటితోనే అంచనా వేసి, బేరమాడి, ఒక షిల్లింగు బయానా చేతిలో పెట్టినచో ఆరు మాసాలకు ఒడంబడిక కుదిరినట్లే. జీతం మాత్రం ఆ ఆరు మాసాలు గడచిన పిదపనే.

ఆ ఇంటి వ్యవస్థ గమనింపదగినది. గుర్రాలతో దున్నే పనివారిలో మొదటివాడు, రెండవవాడు, మూడవవాడు అని వరుస ఉండేది. పొలానికి బయలుదేరుటలో సైతం ఆ వరుస తప్పరాదు. (సీనియారిటీ జాబితాల తగవులు ఎరిగిన మన పాఠకులకు ఇది విడ్డూరంగా తోచదు.) ఎబర్డీన్‌షైర్‌లో వారు రైతు వంటింట భుజించి, గుర్రపుశాల పక్కనో పైననో ఉన్న గదిలో పరుండేవారు. దక్షిణాన ఆంగస్ వంటి చోట్ల ఆ వంటిల్లు కూడ లేదు. 'బాతీ' అనే ఉమ్మడి కొట్టంలో అవివాహిత యువకులు ఓట్స్ పిండిపై మరుగునీళ్లు పోసి, ఉప్పు కలిపి, పాలతో తిని కాలం గడిపేవారు. వంటింటి పనిపిల్ల పాలు పితికి, వంట చేసి, కోతల వేళ పొలానికీ పోవలసినదే. ఆగ్నేయ జిల్లాలలో మరొక అన్యాయం: దున్నేవాడు తనతోపాటు ఒక స్త్రీని కూలికి ఒప్పజెప్పితేగాని కొలువు దొరకదు. ఇంట ఆడదిక్కు లేకుంటే పరాయి యువతిని తానే కుదుర్చుకొని, తిండిపెట్టి, తన ఇంట ఉంచుకొనవలెను.

ఈ సంతలు నైతిక పతనానికి నిలయాలని, వాటి స్థానే పేర్లు నమోదుచేసే కార్యాలయాలు రావాలని ఆనాటి మతాచార్యులు కొందరు ప్రయత్నించారు. పాలేర్లు లొంగలేదు. అది మూర్ఖత్వమని మేము తలచము. నలుగురు ఒకచోట కూడితేనే ఏ రైతు ఎంత ఇస్తున్నాడో, ఎవరింట తిండి చెడ్డదో తెలుస్తుంది. సంఘం లేనివారికి ఆ సంతయే మహాసభ. గడువు తీరగానే వెళ్లిపోవుటయే సమ్మె.

గడువుకు ముందే పోతే? కార్మికుడు ఒప్పందం తప్పితే కారాగారం. యజమాని తప్పితే కేవలం సివిలు దావా. గ్లాస్గో ట్రేడ్స్ కౌన్సిల్ సాగించిన ఆందోళన ఫలితంగా 1867లో ఈ చట్టం కొంత సడలింది. 1875లో క్రిమినల్ శిక్ష తొలగింది. కాని అదే న్యాయసూత్రంపై ఇండియాలో 1859లో చేసిన పనివారి ఒప్పంద ఉల్లంఘన చట్టం, బయానా పుచ్చుకొని పని మానిన కూలీని జైలుకు పంపుతూనే వచ్చింది. దాని రద్దుకు 1925 దాకా వేచి ఉండవలసి వచ్చింది. లండనులో తప్పైనది మద్రాసులో మరి యాభై ఏళ్లు ఒప్పుగా చెల్లింది!

వివాహితుని కష్టం వేరు. ఓట్స్ పిండి, పాలు, బంగాళాదుంపల వలెనే రైతు ఇచ్చే కుటీరం కూడ జీతంలో భాగం. కొలువు ముగిస్తే ఇల్లు ఖాళీ. గడువు దినాన మంచాలు, బిడ్డలు బండ్లకెక్కి మరో పొలానికి తరలవలెను. ఇట్లు చెదిరిపోయేవారిని కూడగట్టుట ఎంత దుర్ఘటమో సంఘ నిర్వాహకులు ఎరుగుదురు. జోసెఫ్ డంకన్ ప్రభృతుల కృషితో నిలకడగల సంఘం 1912లో గాని ఏర్పడలేదు.

పొలం విడిచి రైల్వేలో చేరినవారికైనా ఆ బెడద తీరలేదు. 1890 డిసెంబరులో స్కాట్లండు రైల్వే కార్మికులు పనిగంటల తగ్గింపుకై సమ్మెకు దిగగా, మరుమాసమే మదర్‌వెల్‌లో కెలడోనియన్ రైల్వే కంపెనీ సమ్మెదారుల కుటుంబాలను కంపెనీ ఇళ్లనుండి వెళ్లగొట్టింది. 1974 మే సమ్మెలో మన రైల్వే కాలనీలలోనూ అదే జరిగింది. ఆ దినాలు ఎరిగిన పెద్దలు తమ అనుభవాలను వ్రాసి పంపినచో ప్రకటించగలము.