నోటి లోపల చూసేదెవరు?

ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చాలామంది పేద స్త్రీలు చుట్టను నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. సెగంతా అంగిలికే. ఈ అలవాటుకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి మన డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆ పథకం ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ అది డబ్బు కట్టేది పెద్ద జబ్బుల చికిత్సకి. పుచ్చిన పంటికీ, వాచిన చిగురుకీ తెల్లకార్డు అక్కరకు రాలేదు. నేను కలిసిన ఒకామె, "పంటినొప్పికి ఆస్పత్రికెవులెల్తారమ్మా, లవంగమెట్టుకుంతే పోద్ది" అంది. వెళ్తే ఆటో ఖర్చు, ఫీజు, పైగా ఆ రోజు కూలి పోతుంది. కలిగినవాళ్లు పళ్లు చూపించుకోడానికి వెళ్తే డాక్టరు అంగిలి కూడా చూస్తాడు. ఈమె అంగిలి మొదటిసారి డాక్టరు కంటపడేది పుండు ముదిరాకే. అప్పుడు కార్డు పనిచేస్తుంది!

ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష చెయ్యాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. అయితే ఆచరణలో అది ఒక్కోచోట ఫారంలో టిక్కు పెట్టడంతో సరి. కొడుకు ముందు, కోడలి ముందు "చుట్ట కాలుస్తావా?" అని అడిగితే ఏ ఆడమనిషి అవునంటుంది? విడిగా కూర్చోబెట్టి, టార్చిలైటు వేసి చూడాలి. పంటి వైద్యం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా దొరకాలి. వచ్చే గ్రామసభలో సంఘాల స్త్రీలు ముందుగా ఈ రెండూ అడగాలని నా కోరిక.